మీ ప్రశ్నలు – మా జవాబులు: నేల ఉసిరి, ప్రయోగశాల లెక్కలు

కామెర్లు అనగానే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చే మొక్క నేల ఉసిరి. ప్రయోగశాలల్లోనూ దాని మీద పని ఎక్కువే జరుగుతోంది. దాని చుట్టూ వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నేల ఉసిరి సారానికి యాంటీఆక్సిడెంట్ శక్తి ఎంతుందో చూసే డీపీపీహెచ్ పరీక్ష చేస్తున్నాను. ఐసీ50 (డీపీపీహెచ్‌ను సగానికి తగ్గించే గాఢత) ఒకరోజు మిల్లీలీటరుకు 18 మైక్రోగ్రాములు వస్తే మర్నాడు 60 వస్తోంది. పోలికకు పెట్టుకునే విటమిన్ సి విలువ కూడా ఒక పేపర్లో 3 అని, ఇంకో పేపర్లో 13 అని ఉంది. ఏది నమ్మాలి? – ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఆ రెండు పేపర్లూ నిజమే చెప్పి ఉండవచ్చు. ముందు విటమిన్ సి సంగతి తేల్చుకోండి. మీ పరీక్ష దారిలో ఉందో లేదో చెప్పేది అదే.

డీపీపీహెచ్ ఊదారంగు ఫ్రీ ర్యాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. 517 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. హైడ్రోజన్ గానీ ఎలక్ట్రాన్ గానీ ఇచ్చే పదార్థం తగిలితే ఊదా పోయి లేత పసుపు మిగులుతుంది. 1958లో మార్స్‌డెన్ బ్లాయిస్ ప్రకటించిన పద్ధతి ఇది. ఒక విటమిన్ సి అణువు రెండు డీపీపీహెచ్ అణువుల పని పడుతుంది. ఇక లెక్క చూడండి. 0.1 మిల్లీమోలార్ డీపీపీహెచ్ 3 మి.లీ.లో 1 మి.లీ. నమూనా పోస్తే, కలిసిన ద్రవంలో డీపీపీహెచ్ 75 మైక్రోమోలార్ ఉంటుంది. అందులో సగం, అంటే 37.5 తగ్గాలంటే విటమిన్ సి 18.75 మైక్రోమోలార్ కావాలి. దాన్ని అణుభారం 176తో గుణిస్తే మిల్లీలీటరుకు 3.3 మైక్రోగ్రాములు. ఇది కలిసిన ద్రవంలోని గాఢత. మీరు పోసిన ఆ 1 మి.లీ. ద్రావణంలోని గాఢత రాస్తే నాలుగింతలు, 13.2. మూడు, పదమూడు అని మీరు చూసిన తేడా ఇలాగే వచ్చి ఉంటుంది. డీపీపీహెచ్ గాఢత మార్చితే ఈ అంకె కూడా మారుతుంది కాబట్టి, ఎంత వాడారో, ఏ గాఢత లెక్కగట్టారో రాయని ఐసీ50ని వేరొకరి ఐసీ50తో పోల్చకండి. ఇదే కొలతలతో మీకు విటమిన్ సి 3.3 దరిదాపుల్లో రాకపోతే సారం జోలికి వెళ్లకండి, ముందు పరీక్షను సరిచేసుకోండి.

రోజుకో అంకె రావడానికి కారణాలు చాలావరకు చిన్నవే. మొదటిది తూకం. 100 మి.లీ.కి 3.94 మి.గ్రా. డీపీపీహెచ్ తూచడం కష్టం, బ్యాలెన్స్ మీద ఒక్క మిల్లీగ్రాము అటూఇటూ అయితే నాలుగో వంతు తప్పు. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ మీద 19.7 మి.గ్రా. తూచి, 50 మి.లీ. మెథనాల్‌లో కరిగించండి. అది 1 మిల్లీమోలార్. వాడే ముందు పదింతలు పలచన చేసుకోండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, సీసాకు అల్యూమినియం కాగితం చుట్టాలి. సారం లేని కంట్రోల్ గొట్టంలో 3 మి.లీ. డీపీపీహెచ్‌కు 1 మి.లీ. మెథనాల్ పోస్తే రీడింగ్ 0.8–0.9 మధ్య ఉండాలి. అంతకన్నా బాగా తక్కువైతే ద్రావణం పాడైందనో, తూకం తప్పిందనో అర్థం.

రెండోది మన వాతావరణం. మే నెలలో గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు మూత లేని గొట్టాలను అరగంట చీకట్లో పెడితే మెథనాల్ ఆవిరైపోతుంది, మిగిలిన రంగు చిక్కబడుతుంది. మూత బిగించండి. వానాకాలంలో తిప్పలు వేరు: గట్టిగా ఉన్న సారం సీసా తెరిచిన గంటకే జిగురుగా మారుతుంది. ఆ జిగురులో మీరు తూచేది కొంత సారం, కొంత గాలిలోని తేమ. తేమ చేరనివ్వని డెసికేటర్‌లోంచి తీసి వెంటనే తూచాలి.

మూడోది, మా అనుభవంలో అందరికన్నా ఎక్కువమందిని ముంచేది, గాఢతల ఎంపిక. 100, 200, 300, 400, 500 అని గుండ్రంగా పెట్టుకుంటారు. అన్నిట్లోనూ 88, 90, 91, 91, 92 శాతం వస్తుంది. వాటి మీదుగా సరళరేఖ గీసి 50 దగ్గర ఎక్కడ కోస్తుందో చూస్తే ఒక్కోసారి ఐసీ50 సున్నాకన్నా తక్కువ వస్తుంది! నేల ఉసిరి సారానికి 2.5, 5, 10, 20, 40, 80 లాగా రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి. 20 నుంచి 80 శాతం మధ్య పడిన బిందువులనే రేఖకు తీసుకోండి.

ఆకుపచ్చ సారానికి సొంత రంగు ఉంటుంది కదా. అందుకని ప్రతి గాఢతకూ 1 మి.లీ. సారం, 3 మి.లీ. ఉత్త మెథనాల్‌తో ఒక బ్లాంక్ పెట్టి, ఆ రీడింగ్ తీసేయాలి. నీటి కషాయమైతే ఇంకో చిక్కు: మెథనాల్ తగలగానే బంక, ప్రోటీన్లు విరిగి ద్రవం పాల విరుగుడులా మసకబారుతుంది, రీడింగ్ పెరిగి సారం పనిచేయనట్టు కనిపిస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటను చదవండి. ఇక సమయం: విటమిన్ సి నిమిషంలోపే పని ముగిస్తుంది, మొక్కల టానిన్లు అరగంట దాటినా లాగుతూనే ఉంటాయి. కాబట్టి గొట్టానికీ గొట్టానికీ 30 సెకన్ల ఎడంతో డీపీపీహెచ్ పోసి, అదే ఎడంతో చదవండి.

ప్రశ్న: మేం మూలికల దుకాణంలో ఎండు నేల ఉసిరి కొని పనిచేశాం. 'మొక్క ఏ జాతిదో రుజువు లేదు' అని పత్రికవాళ్లు వ్యాసం తిప్పి పంపారు. పేరు రాశాం కదా, ఇంకా ఏం కావాలి? – డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, ఖమ్మం

జవాబు: వాళ్లు అడిగింది సబబే. 'నేల ఉసిరి' అనే పేరు మన దగ్గర కనీసం మూడు మొక్కలకు చెల్లుతుంది. ఫైలాంథస్ అమారస్‌లో ఆకుల కింద వరుసగా వేలాడే కాయలకు చిన్న కాడ ఉంటుంది, కాయ నున్నగా ఉంటుంది. ఫైలాంథస్ యూరినేరియాలో కాండానికి ఎర్రడాలు, కాయకు కాడ దాదాపు ఉండదు, గోరుతో తడిమితే గరుకు బొడిపెలు తగులుతాయి. మదరాస్పటెన్సిస్‌లో ఆకు మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా ఉంటుంది. ఎండి ముక్కలైన సరుకులో ఇవేవీ కనిపించవు. ఫైలాంథిన్ లాంటి లిగ్నన్లనే రసాయనాల పాళ్లు జాతిని బట్టి మారిపోతాయి కాబట్టి, మీ ఫలితం ఏ మొక్కదో మీకే తెలియని పరిస్థితి.

వానాకాలంలో పూత, కాయ రెండూ ఉన్నప్పుడు మీరే వేళ్లతో సహా పీకండి. రెండు మూడు మొక్కలను వార్తాపత్రికల మధ్య బరువు కింద పెట్టి, రోజూ కాగితాలు మార్చుతూ వారంపాటు అణచండి. ఊరు, తేదీ, సేకరించినవారి పేరు రాసి హెర్బేరియం షీటుకు అతికించి, వృక్షశాస్త్రవేత్తతో గుర్తింపజేసి, నంబరు తీసుకుని వ్యాసంలో ఇవ్వండి. మిగతా మొక్కలను అదే రోజు కడిగి నీడలో పలచగా ఆరబెట్టండి. కుప్పగా పోస్తే లోపలి ఆకులు నల్లబడతాయి. ఆ నలుపు అంటే మీరు కొలవబోయే ఫినాల్స్ (మొక్కలోని యాంటీఆక్సిడెంట్ పదార్థాలు) ముందే ఆక్సీకరణ చెందాయని.

ప్రశ్న: ఫినాల్స్‌ను కొలిచే ఫోలిన్ పరీక్షలో మా సారంలో గ్రాముకు 1,150 మి.గ్రా. గాలిక్ యాసిడ్‌కు సమానమైన ఫినాల్స్ వచ్చాయి. గ్రాములో అంతకుమించి ఎలా ఉంటాయి? – పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఉండవు. ముందు పలచన లెక్కను తిరగేయండి, ఒక పదింతలు ఎక్కడో ఎక్కువ పడి ఉంటుంది. రీడింగ్ గాలిక్ యాసిడ్ రేఖ పరిధిలోనే ఉందో లేదో కూడా చూడండి. ఫోలిన్ కారకం ఫినాల్స్‌నే కాదు, విటమిన్ సి, ప్రోటీన్లలోని టైరోసిన్, కొన్ని చక్కెరలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కషాయాల్లో అంకె పెరగడానికి అదీ ఒక కారణం. పోసే వరుస తప్పితే దీనికి తిరగబడి జరుగుతుంది: సోడియం కార్బొనేట్ ముందే పోస్తే కారకం క్షారంలో చెడిపోయి రీడింగ్ పడిపోతుంది. ముందు సారం, తర్వాత ఫోలిన్, అయిదు నిమిషాలాగి కార్బొనేట్.

ప్రశ్న: ఇక్కడ అమ్మే మునగాకు పొడి డబ్బా మీద 'ఓరాక్' (యాంటీఆక్సిడెంట్ శక్తి) విలువ వేలల్లో వేస్తున్నారు. ఎక్కువ అంకె ఉన్నది కొనాలా? – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: దాన్ని చూసి కొనకండి. మీరుండే దేశపు వ్యవసాయ శాఖే ఓరాక్ పట్టికను 2012లో వెబ్‌సైటు నుంచి తీసేసింది. పరీక్షనాళికలో వచ్చే ఆ అంకెకూ, ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని చెప్పి మరీ తీసేసింది. మునగాకు మంచి ఆకుకూర, పప్పులో వేసుకోండి.

ప్రశ్న: ఎలుకలకు ఏడు రోజులు నేల ఉసిరి సారం ఇచ్చి, తర్వాత పారాసిటమాల్ ఇచ్చాం. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ (రక్తంలో కాలేయం దెబ్బను చూపే ఎంజైములు) బాగా తగ్గాయి. దీన్ని 'యాంటీఆక్సిడెంట్ రక్షణ' అని రాస్తే రివ్యూయర్ ఒప్పుకోలేదు. ఎందుకు? – ఫార్మకాలజీ పరిశోధకుడు, వరంగల్

జవాబు: పారాసిటమాల్ తనంతట తాను కాలేయాన్ని చెరచదు. కాలేయంలోని సైటోక్రోమ్ ఎంజైములు, ముఖ్యంగా సీవైపీ2ఈ1, దానిలో కొంత భాగాన్ని నాప్‌క్వి అనే విషంగా మారుస్తాయి. అది కాలేయాన్ని కాపాడే గ్లూటాథయాన్‌ను ఖర్చు చేసేస్తుంది, అది అయిపోయాక కణాల ప్రోటీన్లకు అంటుకుంటుంది. మీ సారం ముందుగానే వెళ్లి ఆ ఎంజైమును అడ్డుకుని ఉంటే అసలు విషమే తయారు కాదు. రక్తంలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ పెరగవు, కొవ్వుల ఆక్సీకరణను చూపే ఎండీఏ పెరగదు, స్లైడులో కణాలు చక్కగా కనిపిస్తాయి. ఫ్రీ ర్యాడికల్స్‌ను సారం పట్టిందనడానికి మాత్రం ఇందులో ఆధారం లేదు. కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో చేసినా ఇదే గొడవ, దాన్ని ట్రైక్లోరోమిథైల్ ర్యాడికల్‌గా మార్చేదీ ఆ ఎంజైమే.

సారాన్ని ద్రావకమైన డీఎంఎస్‌ఓలో కరిగించి ఇచ్చారా? అయితే అదొక్కటే చాలు, పారాసిటమాల్ మార్పును అది కూడా అడ్డుకుంటుంది. అదే మోతాదు డీఎంఎస్‌ఓ మాత్రమే ఇచ్చిన గుంపు లేకపోతే ఫలితం మొక్కదని చెప్పలేం. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతంలో కలిపి ఇవ్వడం మేలు.

పని మళ్లీ చేసేటట్టయితే, ఐఏఈసీ (సంస్థ జంతు నైతిక సంఘం) అనుమతితో ఒక గుంపుకు సారాన్ని పారాసిటమాల్ తర్వాత ఇవ్వండి, పోలికకు సిలిమారిన్‌తో పాటు పారాసిటమాల్ విరుగుడు మందు ఎన్-అసిటైల్ సిస్టీన్ కూడా పెట్టండి. ఇంకో చిన్న గుంపులో పారాసిటమాల్ ఇచ్చిన అరగంటకు కాలేయ గ్లూటాథయాన్ కొలవండి. సారం ఉన్నా లేకపోయినా గ్లూటాథయాన్ ఒకేలా పడిపోతే విషం తయారైందన్నమాట, అప్పుడు రక్షణ మాటకు బలం వస్తుంది. ఈ పనికి ర్యాట్స్ (పెద్ద ఎలుకలు) కన్నా మైస్ (చిట్టెలుకలు) మెరుగు, ర్యాట్స్ పారాసిటమాల్‌ను బాగా తట్టుకుంటాయి. ఉపవాసం ఉంచితే గ్లూటాథయాన్ ముందే తగ్గుతుంది కాబట్టి అన్ని గుంపులకూ ఒకే గంటలు ఉంచండి. రక్తాన్ని సూదితో మొరటుగా లాగితే ఎర్రకణాలు పగిలి ఏఎస్‌టీ దొంగగా పెరుగుతుంది. సీరం గులాబీ రంగులో ఉంటే ఆ నమూనా లెక్కలోకి రాదు.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. రక్తదానానికి వెళితే హెపటైటిస్ బి ఉందన్నారు. పరగడుపున నేల ఉసిరి పసరు తాగిస్తే పోతుందని ఊళ్లో చెబుతున్నారు. ఎలుకల్లో కాలేయాన్ని కాపాడిందని పేపర్లో కూడా చదివాను. ఎంత ఇవ్వమంటారు? – గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, దయచేసి పసరు మీద ఆధారపడకండి. ఊళ్లోవాళ్లు చెప్పేదాని వెనుక ఒక సంగతి ఉంది. కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. అవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. మీ అబ్బాయికి ఉన్నది వేరే వైరస్.

ఈ మొక్కను హెపటైటిస్ బి మీద నిజంగానే పరీక్షించారు. 1988లో మద్రాసు శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్ బృందం లాన్సెట్ పత్రికలో ఫలితం ప్రకటించింది. రోజుకు మూడుసార్లు 200 మి.గ్రా. పొడి చొప్పున 30 రోజులు ఇస్తే, 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్త గుళికలు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష అన్నిటినీ కలిపి చూసి, ఉత్త గుళికల కన్నా మేలు చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ఎలుకల లెక్క సంగతి. పెద్ద ఎలుకకు (ర్యాట్) కిలోకు 200 మి.గ్రా. సారం ఇచ్చారంటే, మనిషికి దాన్ని 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 1.9 గ్రాముల సారం. పొడిలో పదో వంతు సారం దిగుతుందనుకుంటే 19 గ్రాముల ఎండు మొక్క. మద్రాసులో మనుషులకు ఇచ్చినది రోజుకు 0.6 గ్రాము. ముప్పై రెట్ల తేడా! పైగా ఎలుకలకు ఇచ్చింది ఆల్కహాల్‌తో తీసిన సారం, గుప్పెడు ఆకులు నూరి పిండిన పసరు కాదు. ఆ అంకెను పట్టుకుని ఇంట్లో మోతాదు కట్టడం ప్రమాదం.

అబ్బాయిని కాలేయ వైద్యుడికి చూపించండి. హెచ్‌బీవీ డీఎన్‌ఏ, ఏఎల్‌టీ, హెచ్‌బీఈఏజీ పరీక్షలు, కాలేయం స్కానింగ్ చేయిస్తారు. అందరికీ మందు వెంటనే అవసరం పడదు, కొందరికి ఆరునెలలకోసారి పరీక్షలు చాలు. టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ రాస్తే మాత్రం రోజూ వేసుకోవాలి. మధ్యలో మానేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయం దెబ్బతినవచ్చు. ఇప్పటికే పసరు పట్టి ఉంటే ఆ మాట డాక్టరుగారి దగ్గర దాచకండి. ఇంట్లో మిగతావాళ్లందరికీ పరీక్ష చేయించి, వైరస్ లేనివాళ్లకు టీకా మూడు డోసులు వేయించండి: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి.