ఆ ఊరి పేరు వినపడేదాకా

చిరంజీవికి ఆశీస్సులు.

దూరదేశాల రేడియో వినే నాన్న మీద నువ్వు రాసిన కథ మొన్న మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మా చిన్నబ్బాయి కన్నా చిన్నవాడివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. వాక్యం నీ చేతికి బాగా లొంగింది. తర్వాత మర్చిపోతానేమోనని ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

మొదటి పేజీలోనే నాకు అడ్డం తగిలింది. నీ కథలో నాన్న మిట్టమధ్యాహ్నం భోంచేసి, డాబా మీద రేడియో పెట్టుకుని, షార్ట్‌వేవ్‌లో 60 మీటర్ల బ్యాండులో ఇండోనేషియా స్టేషన్ పట్టుకుంటాడు. పట్టుకోలేడు నాయనా. పగలు ఎండ వల్ల పైన ఆకాశంలో తయారయ్యే ఒక పొర, ఆ బ్యాండులో దూరం నుంచి వచ్చే సిగ్నల్‌ని మింగేస్తుంది. మధ్యాహ్నం పూట 13, 16, 19 మీటర్లలో వెతుక్కోవాలి. 60 మీటర్లలో ఇండోనేషియా కావాలంటే పొద్దుగూకాలి. ఇదేం పెద్ద తప్పు అంటావేమో. బ్యాండు పేరూ, స్టేషన్ పేరూ నెట్‌లో చూసి రాశావు, చెవిపెట్టి వినలేదు. నాకు కష్టం కలిగింది అందుకు.

ఇక చివరి పేజీలో, దూరపు స్టేషన్లు వెతికి పట్టుకునే మా డీఎక్సింగ్ గురించి, ‘ఇంటర్నెట్ వచ్చి డీఎక్సింగ్‌ని చంపేసింది’ అని రాశావు. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే రాస్తున్నాను.

మా ఇంట్లో రేడియో ఉన్నది అక్కకి రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం. అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినపడితే అక్క వంటింట్లో పని వదిలేసి వచ్చేది. ఆ స్టేషన్ కోసం ముల్లు తిప్పుతుంటే మధ్యలో ఏవేవో భాషలు తగిలేవి. అవి ఎక్కడివో తెలుసుకోవాలనే కోరికే నన్ను ఇందులోకి దింపింది. కిటికీ నుంచి వేపచెట్టు దాకా రాగితీగ కట్టాను. అమ్మ దాని మీద తువ్వాళ్ళు ఆరేసేది. రోజూ గొడవే.

మీ స్టేషన్ ఇక్కడ వినపడింది అని తెలిపే మొదటి రిపోర్టు యూరప్‌లో ఒక స్టేషన్‌కి రాశాను. ‘మీ ప్రోగ్రాం చాలా బాగుంది, దయచేసి క్యూఎస్ఎల్ కార్డు పంపగలరు’ అని. మనం విన్నది తమ స్టేషనే అని ధ్రువీకరిస్తూ వాళ్ళు పంపే కార్డు అది. రెండు నెలలకి ఒక క్యాలెండరూ, చిన్న చీటీ వచ్చాయి. బాగుందని రాస్తే సరిపోదు, ఏం విన్నారో రాయండి అని ఉంది అందులో. ఏ టైముకి ఎవరు మాట్లాడారు, ఆడా మగా, ఏ వార్త తర్వాత ఏ వార్త, ఏ వాయిద్యం. టైము మనది కాదు, అయిదున్నర గంటలు తీసేసి యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైములో, వెయ్యాలి. చివర సిన్పో అంకెలు: సిగ్నల్ బలం, పక్క స్టేషన్ అడ్డు, గరగర, ఫేడింగ్ (సిగ్నల్ తేలుతూ మునుగుతూ ఉండడం), మొత్తం మీద ఎలా ఉందో, ఒక్కోదానికి 5కి ఎన్ని. 35433 అంటే ఆ సాయంత్రం ఎలా వినపడిందో అంతా అందులో ఉంటుంది. నాకు రాయడం నేర్పింది ఆ చీటీ. సాహిత్య సభల్లో నేర్చుకున్నది దాని ముందు చాలా తక్కువ.

1987లో ఒక సాయంత్రం 60 మీటర్లలో ‘రేడియో రిపబ్లిక్ ఇండోనేషియా’ అని స్పష్టంగా వినపడింది. దాని వెనకే ఊరి పేరు చెబుతారు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ మునిగిపోయింది. మర్నాడూ అంతే. ఏడు రోజులు సరిగ్గా ఆ టైముకి లాగ్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఏడు రోజులూ పేరు ఉండాల్సిన చోట చుక్కలే పెట్టాను. ఎనిమిదో రోజు ‘ఉజుంగ్ పాండాంగ్’ అని వినపడింది. వెలిగిపోతున్న డయల్ మీద నా వేలి చెమట మరక ఇప్పటికీ గుర్తుంది. స్కూలు అట్లాసులో వెతికితే సులవేసి ద్వీపం మీద ఉంది. 1999లో ఆ ఊరికి మకస్సర్ అనే పాత పేరు మళ్ళీ పెట్టారు.

ఇప్పుడు నెట్‌లో ఫ్రీక్వెన్సీ కొడితే ఆ టైములో ఎవరుంటారో జాబితా వస్తుంది. మంచిదే. మార్చి చివరా, అక్టోబర్ చివరా స్టేషన్లు ఫ్రీక్వెన్సీలు మారిస్తే ఒకప్పుడు మాకు వారాల తరబడి తెలిసేది కాదు. స్టేషన్ల వివరాలన్నీ ఉండే వరల్డ్ రేడియో టీవీ హ్యాండ్‌బుక్ కొనే స్తోమత నాకు లేదు. ఒక మిత్రుడు చేత్తో ఎత్తి రాసిన పేజీలు పోస్టులో వచ్చేవి. నెట్ వచ్చాక ఊళ్ళో ఒంటరిగా వినేవాడికి తనలాంటివాళ్ళు దొరికారు. ఇక్కడ వినపడగానే నిమిషంలో అస్సాంలో ఉన్నవాడికి తెలిసిపోతోంది. చంపేసింది అనకు.

మారింది వేరే. అప్పుడు ముందు వినేవాళ్ళం, తర్వాత తెలుసుకునేవాళ్ళం. ఇప్పుడు ముందు తెలుసుకుని తర్వాత వింటున్నాం. పేరు ముందే తెలిసినవాడికి ఫేడింగ్‌లో కూడా ఆ పేరే వినపడుతుంది. నిజాయితీపరుడికి కూడా అంతే, చెవి మోసం చేస్తుంది. కొందరు ఇంకో అడుగు వేశారు. స్టేషన్ల ప్రోగ్రాంలు నెట్‌లోనే దొరుకుతున్నాయి కదా, రేడియో ముట్టుకోకుండానే అవి విని రిపోర్టు రాసి కార్డు తెప్పించుకున్నారు. 2008లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ తన రిసీవర్‌ని నెట్‌లో పెట్టాక అసలు తగువు మొదలైంది. అక్కడి యాంటెనాకి అందింది ఇక్కడ కూర్చుని వింటే అది నీ క్యాచా, దాని క్యాచా? స్నేహితులు మాటలు మానేసుకున్నారు దీని మీద. నా మట్టుకు అది నా క్యాచ్ కాదు. కానీ ఫ్లాట్లో ఉండి తీగ కట్టుకునే చోటు లేనివాడిని, చుట్టూ ఎల్ఈడీ బల్బులూ ఛార్జర్లూ ఇన్వర్టర్లూ పెట్టే రొదలో ఏమీ వినపడనివాడిని తప్పు పట్టలేను.

పైగా స్టేషన్లే వెళ్ళిపోయాయి. బీబీసీ ఉత్తర అమెరికాకి షార్ట్‌వేవ్ ఆపింది 2001లో. రేడియో నెదర్లాండ్స్ 2012లో, రేడియో ఆస్ట్రేలియా 2017లో, బీబీసీ హిందీ 2020 జనవరి 31న. శ్రోతలు నెట్‌కి వెళ్ళారన్నారు, డబ్బు లేదన్నారు. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక 2022 మార్చిలో అదే బీబీసీ అటువైపు మళ్ళీ రోజుకి నాలుగు గంటలు షార్ట్‌వేవ్ మొదలుపెట్టింది. నీ ఒక్క వాక్యంలో ఇవన్నీ ఎక్కడ పడతాయి? ఆ వాక్యం నీది కాదు. ఎక్కడో చదివి, కథలోనూ అదే విన్నావు.

అలాంటి వాక్యాలంటే సంపాదకులకి ఇష్టం, అది నాకు తెలుసు. 1994లో ఒక వారపత్రికకి ఇదే సంగతి మీద కథ పంపాను. దాని సంపాదకుడు టైములూ ఫ్రీక్వెన్సీలూ అన్నీ కొట్టేసి, ‘ఆకాశంలో తేలివచ్చిన ఏదో గొంతు’ అని తనే చేర్చి అచ్చేశాడు. ఏదో గొంతు కాదది! ఎనిమిది సాయంత్రాలు కూర్చుని తెలుసుకున్న గొంతు. ఇప్పుడు ఆదివారం అనుబంధాలకి ‘ఆ రోజులే వేరు’ అనే సరుకు కావాలి. నువ్వు అది సరఫరా చెయ్యకు. అంకెలు తీసేస్తే వేసుకుంటామంటే కథ వెనక్కి తెచ్చుకో.

పుస్తకం ఎవరు వేస్తారు, పోటీలకి పంపాలా అని అడిగావు. ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం.

ముందు ఒక పాత సెట్ సంపాదించు. సాయంత్రం ఆరింటికి డాబా ఎక్కు. ఫోన్ కింద వదిలెయ్. ఏం వినపడితే అది రాసుకో. వినపడని చోట చుక్కలు పెట్టు, ఊహించి నింపకు. వారం రోజులు అలా రాసి, ఆ కాగితం నాకు పంపు. కథ తర్వాత చూద్దాం.

ఇంకొక్క సంగతి. అయిదో పేజీలో బిస్కెట్ డబ్బా ఉంది. నాన్నగారు పోయాక అందులో దొరికిన కార్డుల్లో ఒకదాని వెనక పెన్సిల్‌తో ఏదో రాసి ఉందన్నావు. ఆ డబ్బా నిజంగానే మీ ఇంట్లో ఉందని కవరింగ్ లెటర్లో రాశావు కూడా. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. మేమంతా అలా రాసుకునేవాళ్ళం: తేదీ, టైము, ఆ పూట పక్కన ఎవరున్నారో. మీ నాన్నగారు ఏం రాసుకున్నారో నువ్వు కథలో చెప్పలేదు. ఆ డబ్బా తీసి, కార్డు వెలుతురులో పెట్టి చదివి, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి.