డాక్యుమెంటరీ తీస్తానంటున్న బిడ్డకు ఏ దారి చూపాలి?

ప్రశ్న: మాది పరకాల. ఇంటి దగ్గరే కుట్టుమిషను పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మా ఆయన ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. మా పాప హనుమకొండలో బీఏ చివరి సంవత్సరం. అమెరికాలోనూ మన దేశంలోనూ ఆడ ఆర్టిస్టులు చేసిన ఉద్యమం చరిత్ర మీద డాక్యుమెంటరీ తీస్తానని పట్టుబట్టింది. వాళ్ల నాన్నేమో బీఎడ్ చేసి టీచర్ పోస్టుకు ప్రిపేర్ కమ్మంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఆ పని తిండి పెడుతుందా? కెమెరా కొనడానికి చీటీ ఎత్తమంటారా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చీటీ ఎత్తకండి. పాప చేతిలో ఉన్న ఫోను ఈ ఏడాదికి చాలు. కొనాల్సినవి రెండే: బట్టలకు తగిలించుకునే చిన్న మైకు, రికార్డు చేసింది దాచుకోవడానికి ఒక జత హార్డ్ డిస్కులు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. డిస్కులు జతగా ఎందుకంటే ఒకటి ఏదో ఒక రోజు తప్పకుండా పాడవుతుంది.

ఇక తిండి సంగతి. డాక్యుమెంటరీ డైరెక్టర్‌కు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగాలు మన దగ్గర చాలా తక్కువ. ఈ మాట దాచి మిమ్మల్ని సంతోషపెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే డాక్యుమెంటరీ వెనక ఉండే పనులు వేటికవే కూడు పెడతాయి: ఎడిటింగ్, సౌండ్, సబ్‌టైటిల్స్, ఇంటర్వ్యూలను విని రాసిపెట్టడం, పరిశోధన. అందులో ఒకటి బతుకుదెరువుగా గట్టిగా నేర్చుకోవాలి. తన సొంత సినిమాను ఆ పని పక్కనే, ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా తీసుకోవాలి. నేనైతే ఆ సినిమాకు రికార్డింగు ఇప్పుడే మొదలుపెట్టమంటాను. అది ఎందుకో అర్థం కావాలంటే మీ పాప పట్టుకున్న విషయంలోకి కాస్త దిగాలి. ఓపిక చేసుకుని చదవండి, ఇది మీకూ సంబంధించిన కథే.

1971లో లిండా నాక్లిన్ అనే అమెరికన్ కళాచరిత్రకారిణి, గొప్ప స్త్రీ కళాకారులు ఎందుకు లేరు అని అడుగుతూ ఒక వ్యాసం రాశారు. ప్రతిభ లేక కాదు, నేర్చుకునే చోట్లకు ఆడవాళ్లను రానివ్వకపోవడం వల్ల అని ఆమె చూపించారు. అదే ఏడాది చివర్లో జూడీ షికాగో, మిరియమ్ షపీరో అనే ఇద్దరు ఆర్ట్ టీచర్లు తమ విద్యార్థినులతో కలిసి హాలీవుడ్‌లో ఒక పాడుబడిన ఇల్లు తీసుకున్నారు. వంటగది, బట్టల అల్మారా, మెట్లు, దేన్నీ వదలకుండా ఇంట్లో ఆడదాని బతుకు ఎలా గడుస్తుందో అక్కడే కళగా చేసి చూపించారు. 'ఉమన్‌హౌస్' అని దాని పేరు. 1972 మొదట్లో నెల రోజులు జనానికి చూపించారు, తర్వాత ఇల్లు కూల్చేశారు. ఇవాళ అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఫొటోలు, రాతలు, జొహానా డెమెట్రాకస్ అప్పుడే వెళ్లి తీసిన డాక్యుమెంటరీ, ఇవే ఆధారం. తర్వాతెప్పుడో తీద్దామని ఆమె ఆగి ఉంటే తీయడానికి ఇల్లే ఉండేది కాదు.

మీకు సంబంధించిన కథ అన్నాను కదా. 1974 నుంచి 1979 వరకు జూడీ షికాగో 'ది డిన్నర్ పార్టీ' అనే పెద్ద పని చేశారు. త్రికోణంగా పేర్చిన భోజనాల బల్ల, చరిత్రలోని 39 మంది స్త్రీలకు 39 చోట్లు, కింద నేల పలకల మీద ఇంకో 999 మంది పేర్లు. ఒక్కొక్కరి చోట పరిచిన బట్ట మీద ఆ స్త్రీ కాలానికి తగిన కుట్టుపని ఉంటుంది. ఎంతోమంది చేతులు కలిపి కుట్టారు. ఇప్పుడది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో శాశ్వతంగా ఉంది. సూదిపని ఇంటిపనే, కళ కాదన్న పట్టింపుకు ఆ తరం ఇచ్చిన జవాబు అది. మన రాష్ట్రంలో డ్రాయింగ్‌కూ టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీకీ లోయర్, హయ్యర్ పరీక్షలు ప్రభుత్వ పరీక్షల విభాగమే పెడుతుంది. అయినా ఒకటి పాసైనవాళ్లను ఆర్టిస్టులంటాం, రెండోది పాసైనవాళ్లను దర్జీలంటాం. పాప మొదటి ఇంటర్వ్యూ మీతోనే చేయాలని నా సలహా. మిషను ఆపి, ఫ్యాను కట్టేసి, మీరు ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, మొదటి కూలి ఎంతో, కొత్త డిజైను ఎలా తడుతుందో అడగనివ్వండి. దాంతో చెయ్యి తిరుగుతుంది.

లిన్ హెర్ష్‌మన్ లీసన్ అనే కళాకారిణి ఈ ఉద్యమం చరిత్ర మీద 2010లో ఒక డాక్యుమెంటరీ విడుదల చేశారు. అందుకోసం తోటి ఆర్టిస్టుల మాటలను నలభై ఏళ్లకు పైగా రికార్డు చేస్తూ వచ్చారు. సినిమా నిడివి గంటన్నర కూడా లేదు. మిగిలిన ఇంటర్వ్యూలు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నన్నడిగితే ఆ ఇంటర్వ్యూల నిధి సినిమా కన్నా విలువైనది. మీ పాప కూడా సినిమా ఎప్పుడు అవుతుందో అని కంగారు పడకుండా ముందు అలాంటి నిధి ఒకటి కూడబెట్టుకోవాలి.

మన దేశంలో కథ వేరేగా నడిచింది. చిత్రకారిణి నళిని మలాని 1979లో న్యూయార్క్‌లో ఆడవాళ్లే నడుపుకునే ఒక గ్యాలరీని చూసి, మన దగ్గరా స్త్రీల ప్రదర్శన పెట్టాలనుకున్నారు. అది జరగడానికి 1987 దాకా పట్టింది. అర్పితా సింగ్, నీలిమా షేక్, మాధవీ పారేఖ్‌లతో కలిసి నలుగురూ కొన్ని నగరాల్లో బొమ్మలు చూపించారు. ఇంకా దగ్గరికి వస్తే, 1983లో తెలుగులోనే 'ఇది కథ మాత్రమేనా' అనే చిన్న సినిమా వచ్చింది. దీపా ధన్‌రాజ్ ఉన్న యుగాంతర్ అనే స్త్రీల సినిమా బృందం, హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి, ఇంట్లో పడే దెబ్బల గురించి తీసింది. పాప ఇది తప్పకుండా చూడాలి. అమెరికా ముచ్చట ఎంత తెలిసినా మన భాషలో మనవాళ్లు ఏం చేశారో తెలియకపోతే తను తీసే సినిమా గాల్లో తేలుతుంది.

అదే స్త్రీ శక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల జ్ఞాపకాలను టేపుల్లో రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంగా తెచ్చింది. అందులో చాకలి ఐలమ్మ తన మాటల్లో తన పోరాటం చెబుతుంది. ఐలమ్మ 1985లోనే పోయింది. రికార్డింగు కొన్నేళ్లు ఆలస్యమై ఉంటే ఆ మాటలు మనకు దక్కేవా? ఇప్పుడే మొదలుపెట్టమని నేను తొందరపెట్టేది ఇందుకే.

ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్లాలని పాప అడుగుతుంది. చేర్యాలకు వెళ్లమనండి. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. అక్కడ నకాషీ అనే చిత్రకారుల కుటుంబాలు పటాలు వేస్తాయి, అంటే పొడవాటి బట్ట మీద కథను బొమ్మలుగా గీస్తాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు అలాంటి పటాన్నే విప్పుకుంటూ కథ నడిపేవారు. ఖాదీ బట్టకు సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, గంజి, జిగురు కలిపి పూతలు వేసి ఆరబెట్టి, ఆ తర్వాత గీత గీస్తారు. అక్కడ పాప అడగాల్సింది ‘కళ అంటే మీకేమిటి’ లాంటి పెద్ద ప్రశ్న అసలు కాదు. గింజలు ఉడకబెట్టేదెవరు, ఎర్ర రంగు నింపేదెవరు, కళ్లు దిద్దేదెవరు, అమ్మేటప్పుడు పేరు ఎవరిది పడుతుంది, డబ్బు ఎవరి చేతికొస్తుంది, ఇవి అడగాలి. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇళ్లలోనూ ఇవే ప్రశ్నలు పనికొస్తాయి. రిటైరైన డ్రాయింగ్ టీచరమ్మల దగ్గరికీ వెళ్లాలి, వాళ్ల బీరువాల్లో ఏమున్నాయో ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

ఒక జాగ్రత్త. అమెరికా ఉద్యమంలో తెల్ల ఆడవాళ్ల మాటే పైకి వినబడిందని ఫెయిత్ రింగ్‌గోల్డ్ లాంటి నల్లజాతి కళాకారిణులు ఆనాడే నిలదీశారు. మన దగ్గర ఆ ప్రశ్న కులంగా ఎదురవుతుంది. పాప గ్యాలరీలకు వెళ్లిన పేర్ల దగ్గరే ఆగిపోతే సగం చరిత్రే చెప్పినట్టు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు, బడి ముఖం చూడనివాళ్లు కూడా, కెమెరా పట్టి తమ పొలాల మీద తామే సినిమాలు తీశారు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఎవరి మాట రికార్డు చేసినా ముందు ఒక కాగితం మీద తెలుగులో అనుమతి రాయించుకోవాలి. ఎందుకు తీస్తున్నదీ, ఎక్కడెక్కడ చూపించేదీ చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. వద్దన్న భాగం తీసేస్తానని మాటివ్వాలి, ఆ మాట మీద నిలబడాలి. రికార్డింగు మొదట్లోనే పేరు, ఊరు, తేదీ పలికించడం అలవాటు చేసుకుంటే పదేళ్ల తర్వాత వెతుక్కునే బాధ ఉండదు.

కాపీరైటు సంగతి కూడా ఇప్పుడే తెలియడం మంచిది. మన చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు కళాకారులు బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 1941లో పోయిన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మల మీద ఆ హక్కు ముగిసింది. అయినా మ్యూజియంలో షూట్ చేయాలంటే ఆ మ్యూజియం అనుమతి కావాలి. బతికున్న విదేశీ కళాకారుల బొమ్మలు సినిమాలో చూపించడానికి రాతపూర్వక అనుమతి, చాలాసార్లు డబ్బు కూడా కావాలి. మొదటి సినిమాకు అమెరికా కన్నా చేర్యాల నయం అనడానికి ఇదీ ఒక కారణం.

ఇక చదువు. నేనైతే మొదటి చోటుగా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్ పెడతాను. అక్కడ కమ్యూనికేషన్ ఎంఏ ఉంది, పక్కనే ఫైన్ ఆర్ట్స్ విభాగమూ ఉంది. ఈ పాపకు రెండూ కావాలి, ఇంటికీ దగ్గర. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మీడియా, కల్చరల్ స్టడీస్ ఎంఏ డాక్యుమెంటరీకి పేరున్నది. ఢిల్లీ జామియాలో మాస్ కమ్యూనికేషన్ కూడా అంతే. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్, సౌండ్ నేర్చుకుంటే పనికి ఎప్పుడూ లోటుండదు. కానీ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే ఒక్కదాన్నే నమ్ముకోకుండా దరఖాస్తు చేయాలి. లక్షలు కట్టించుకునే ప్రైవేటు ఫిల్మ్ కాలేజీలకు అప్పు చేసి పంపొద్దని గట్టిగా చెబుతున్నాను. ఈ రంగంలో మొదటి సంవత్సరాల సంపాదనతో ఆ అప్పు తీరదు. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కోర్సుకు వర్తిస్తాయో లేదో చేరకముందే యూనివర్సిటీ ఆఫీసులో అడగండి.

సీటు వచ్చేలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఉచిత వెర్షన్ ఉంది, కాస్త మంచి కంప్యూటర్ ఉంటే చాలు. హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు, జానపద పాటలు తీసే యూట్యూబ్ చానళ్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఆరు నెలలు కూర్చుంటే ఏ కాలేజీ నేర్పనంత వేగం వస్తుంది. డబ్బు, పని గంటలు ముందే మాట్లాడుకోవాలి. రాత్రుళ్లు ఆలస్యమైతే ఇంటికి ఎలా వస్తుందో కూడా. తర్వాత్తర్వాత టీ-శాట్ లాంటి విద్యా చానళ్లు, యూనివర్సిటీల మీడియా కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, మ్యూజియంలు, ఆర్కైవులు ఇలాంటి పని తెలిసినవాళ్లకు అవకాశాలిస్తాయి. స్త్రీల జీవితాలను రికార్డు చేసి దాచడానికే ముంబైలో 'స్పారో' అనే సంస్థ 1988 నుంచి ఉంది. కళల మీద పరిశోధనకు బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ గ్రాంట్లు ఇస్తుంది. కానీ చేతిలో నాలుగు మంచి ఇంటర్వ్యూలు ఉన్నవాళ్ల దరఖాస్తే నిలబడుతుంది.

వాళ్ల నాన్నగారి మాట తీసిపారేయొద్దు. ఆయన అడిగేది భద్రత. బీఎడ్ రెండేళ్లు, ఎడ్‌సెట్ ప్రతి ఏడాదీ ఉంటుంది, ఎంఏ తర్వాతైనా చేయొచ్చు. ఇష్టం లేకుండా ఇప్పుడే చేరితే ఆ రెండేళ్లూ పాపకూ మంచిది కాదు, రేపు ఆమె దగ్గర చదివే పిల్లలకూ మంచిది కాదు. ఆయనతో ఒక ఏడాదికి ఒప్పందం చేసుకోండి. ఆ ఏడాదిలో పాప ఎడిటింగ్ నేర్చుకుని ఎంతో కొంత సంపాదించాలి, ప్రవేశ పరీక్షలు రాయాలి, చేర్యాలలోనో కొత్తవాడలోనో తీసిన పది నిమిషాల సినిమా ఒకటి ఇంట్లో అందరికీ చూపించాలి. అది చూశాక ఆయన్నే మళ్లీ మాట్లాడనివ్వండి.

సెంట్రల్ యూనివర్సిటీల పీజీ సీట్ల కోసం రాసే సీయూఈటీ దరఖాస్తులు ఈమధ్య డిసెంబరు, జనవరి ప్రాంతంలో తీసుకుంటున్నారు, పరీక్ష మార్చిలో. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసి పెట్టుకోండి.