రోడ్డు పక్కన కారాపి ఏరుకోవచ్చా, మామయ్యా?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి షోకేసులో, కొండపల్లి బొమ్మల పక్కన, అరచేయంత బూడిదరంగు రాయి ఒకటి ఉంటుంది. దాన్నిండా ఆల్చిప్పలు అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. చూసిన ప్రతివాళ్ళూ "సూర్యలంక బీచ్‌లో దొరికిందా?" అని అడుగుతారు. సముద్రానిదే, కాకపోతే సూర్యలంకది కాదు. సముద్రం ఆనవాలే లేని ఒహాయోలో, నేను పాతికేళ్ళుగా ఉంటున్న డేటన్ దగ్గర దొరికింది. అది శిలాజం, రాయైపోయిన పాత జీవులు. దాని వయసు దాదాపు 45 కోట్ల ఏళ్ళు.

ఈసారి సెలవులకు వచ్చేసరికి మా మేనకోడలు ప్రయాణం హడావుడిలో ఉంది. వాళ్ళాయనకి సిన్సినాటిలో ఉద్యోగం. ఆవకాయ ఎలా ప్యాక్ చెయ్యాలి, కుక్కర్ ఏది తీసుకెళ్ళాలి అన్నీ అయ్యాక ఆ రాయి చేతిలోకి తీసుకుని అడిగింది: "మామయ్యా, అక్కడ కొండ కోసి రోడ్డేసిన చోట ఇలాంటివి ఊరికే దొరుకుతాయట కదా? కారాపి ఏరుకోవచ్చా?" కొత్తగా వచ్చిన మనవాళ్ళు, ముఖ్యంగా పిల్లలున్నవాళ్ళు, మొదటి రోడ్ ట్రిప్ తర్వాత నన్ను అడిగే మాటే ఇది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

దొరుకుతాయి, ఏరుకోవచ్చు. ఎక్కడపడితే అక్కడ కారాపి మాత్రం కాదు.

మనకు చిలకలూరిపేట దాటాక కొబ్బరిబోండాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ బండి ఆపడం అలవాటు. ఆ అలవాటుతోనే వెళ్ళిన మొదటి ఏడాది నేనూ దెబ్బతిన్నాను. సిన్సినాటి దాటి కెంటకీలోకి పోతుంటే, రోడ్డుకి రెండు పక్కలా కోసిన కొండ పొరలు పొరలుగా, పూతరేకుల కట్టలా కనిపించింది. హజార్డ్ లైట్లు వేసి ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాల్ని కలిపే పెద్ద హైవే) పక్కనే ఆపేసి, దిగి రాళ్ళు తిరగేస్తున్నాను. పది నిమిషాల్లో వెనక నీలం లైట్లు. మన దగ్గరైతే మర్యాదగా ఎదురెళ్ళి మాట్లాడతాం కదా, నేనూ అలాగే చేతిలో రాయితో ఆఫీసర్ వైపు నడిచాను. ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కారు పాడవలేదంటే ఇక్కడ ఆగకూడదు, నడవకూడదు అని చెప్పి, ఫైన్ లేకుండా వదిలేశారు. నా భార్య ఆ తర్వాత రెండు గంటలు నాతో మాట్లాడలేదు. అది ఫైన్ కంటే ఎక్కువే.

కాబట్టి ఇంటర్‌స్టేట్ మీద ఎమర్జెన్సీకి తప్ప ఆపొద్దు. పోలీసు కారు వెనక ఆగితే మీరు కార్లోనే కూర్చోండి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టండి, అడిగాకే లైసెన్స్ తియ్యండి. ఊళ్ళ మధ్య చిన్న రోడ్ల పక్కన కొండ కోత కనిపించినా, అక్కడ కంచె ఉంటే, 'నో ట్రెస్‌పాసింగ్' బోర్డు ఉంటే వదిలెయ్యండి. నిలువుగా కోసిన గోడ కింద అసలు నిలబడొద్దు. కింద మెత్తటి పొర కరిగిపోయి పైన బండ గాలిలో వేలాడుతూ ఉంటుంది.

సిన్సినాటి వైపు ఉండేవాళ్ళకి ఈ తిప్పలేవీ అక్కర్లేదు. డేటన్‌కీ సిన్సినాటికీ మధ్య వేన్స్‌విల్ దగ్గర సీజర్ క్రీక్ అనే రిజర్వాయర్ ఉంది. వరద నీరు పోవడానికి కొండని కోసి వెడల్పాటి స్పిల్‌వే చేశారు. అదే మన గని. విజిటర్ సెంటర్‌లో ఉచితంగా పర్మిట్ ఇస్తారు, అది తీసుకునే దిగాలి. సుత్తి, ఉలి ఏవీ వాడకూడదు, రాయి పగలగొట్టకూడదు, అరచేతిలో పట్టేదే తీసుకోవాలి, అమ్మకూడదు. షారన్‌విల్‌లో ట్రామెల్ ఫాసిల్ పార్క్ అని ఇంకొకటి ఉంది. వాలంతా రాళ్ళే. ఏ పొరలో ఏం దొరుకుతుందో బోర్డులు కూడా పెట్టారు, పిల్లలకి అదే మంచిది.

అక్కడే ఎందుకిన్ని అంటే, ఆ 45 కోట్ల ఏళ్ళ కిందట ఆ నేల భూమధ్యరేఖకి దక్షిణాన, లోతు లేని వెచ్చటి సముద్రం అడుగున ఉండేది. తుఫాను వచ్చినప్పుడల్లా చిప్పలన్నీ ఒకచోటికి కొట్టుకొచ్చి గట్టి సున్నపురాయి పొరయ్యాయి, తుఫాన్ల మధ్య ప్రశాంతంగా దిగిన బురద మెత్తటి షేల్ అయింది. అలా ఒకటి మార్చి ఒకటి. వాన పడితే షేల్ మట్టిలా జారిపోతుంది, దానిలోని శిలాజాలు కడిగినట్టు బయట పడతాయి. సుత్తి పని వానే చేస్తుంది. పెద్దవాన వెలిసిన మర్నాడు వెళ్ళండి. ఉత్తర అమెరికా భూవిజ్ఞానులు ఆ కాలపు పొరలకి సిన్సినాటియన్ అని ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో చాలామందికి ఆ సంగతే తెలీదు.

అసలు విషయం ఎలా చూడాలన్నది. మావాళ్ళు ఐదుగురు ఇంజనీర్లను ఒకసారి తీసుకెళ్ళాను. గంటసేపు వాకింగ్ చేసినట్టు తిరిగి, ఏమీ లేవన్నారు. ఆ వేసవిలోనే అమ్మ వచ్చింది. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళకి మూడో వారం నుంచి ఎంత బోరు కొడుతుందో తెలుసు కదా, ఊరికే వెంట తీసుకెళ్ళాను. అమ్మ గొడుగేసుకుని ఒకచోట గొంతుక్కూర్చుంది. చాపంత నేల, అంతే. చేటలో బియ్యంలో రాళ్ళేరినట్టు, వేలితో జరుపుతూ, కళ్ళు కదపకుండా ఏరింది. అరగంటలో కొంగు నిండింది. అమ్మ చేసినట్టే చెయ్యండి: ఒక్కచోట కూర్చోండి, చాపంత నేలని పూర్తిగా చూశాకే జరగండి.

ఎక్కువగా దొరికేవి బ్రాకియోపాడ్లు. ఆల్చిప్పల్లా ఉంటాయి కానీ ఆ జాతి కాదు. ఒక చిప్పను తీసుకుని నడిమిన నిలువుగా గీత గీసినట్టు ఊహించుకోండి. ఎడమ సగం కుడి సగం అద్దంలోలా ఒకేలా ఉంటే బ్రాకియోపాడ్, ఒక పక్కకి వాలినట్టుంటే ఆల్చిప్ప. ఎండుపుల్ల ముక్కల్లాంటివి, మీద సన్నటి చుక్కలున్నవి, బ్రయోజోవన్లు. ఒక్కో చుక్కా ఒక చిన్న జీవి ఇల్లు. మధ్యలో చిల్లున్న బుల్లి బిళ్ళలు క్రినాయిడ్ల కాడలు. చూడటానికి పువ్వులా ఉండే జంతువు అది. అమ్మ వాటిని చూసి "పూసలు తెగిపోయాయిరా ఎవరివో" అంది. కొమ్ములా వంపు తిరిగింది పగడం.

అందరూ వెతికేది మాత్రం ట్రైలోబైట్, ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు జీవి. మన రోకలిబండ పురుగుని ముట్టుకుంటే ఎలా చుట్టుకుంటుంది? అచ్చం అలాగే చుట్టుకుని రాయైపోయి, గోళీ అంతో ఇంకా చిన్నగానో దొరుకుతుంది. నేను రెండుసార్లు తొక్కుకుంటూ పోయిన చోట మావాడికి దొరికింది. అందులో పెద్ద రకం ఐసోటీలస్. వెన్నెముక లేని జీవుల్లో దాన్ని 1985లో ఒహాయో తమ రాష్ట్ర శిలాజంగా ప్రకటించుకుంది. 1919లో డేటన్ దగ్గర హఫ్‌మన్ డ్యామ్ కడుతుండగా జానన్నర పొడవున్నది బయటపడితే స్మిత్సోనియన్ మ్యూజియంకి చేర్చారు. అంతది దొరుకుతుందని మీరు ఆశపడకండి.

వేరే రాష్ట్రాల సంగతి. డాలస్ వైపు వాళ్ళకి మినరల్ వెల్స్ ఫాసిల్ పార్క్ ఉంది, అక్కడివి 30 కోట్ల ఏళ్ళ పైమాటే. లూయివిల్‌కి ఎదురుగా ఇండియానాలో ఫాల్స్ ఆఫ్ ది ఒహాయో పార్కు చూసి తీరాలి, కానీ ఆ బండల మీది శిలాజాలు ముట్టుకుని మురిసిపోవడానికే, తెచ్చుకోవడానికి కాదు. నేషనల్ పార్కుల్లో చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. పడమటి రాష్ట్రాల్లో బీఎల్‌ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) అనే సంస్థ చూసుకునే ఫెడరల్ భూములున్నాయి. అక్కడ మామూలు చిప్పలు, ఆకుల ముద్రల వంటివి సొంతానికి రోజుకి 25 పౌన్ల దాకా తీసుకోనిస్తారు, కొన్ని చోట్ల అదీ ఉండదు, ముందే లోకల్ ఆఫీసులో కనుక్కోండి. ఎముక కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టొద్దు. వెన్నెముక ఉన్న జీవుల శిలాజాలు పర్మిట్ లేకుండా తియ్యడం నేరం.

నీళ్ళు, టోపీ, బూట్లు మర్చిపోవద్దు. వేసవిలో గడ్డిలో తిరిగితే ఇంటికొచ్చాక పిల్లల మెడ వెనక, మోకాళ్ళ కింద పిడుదులు పట్టాయేమో చూడండి.

తెచ్చాక మంచినీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు. ఇది నేను అనుభవం మీద చెప్తున్నాను. షోకేసులోది నేను ఇచ్చి వెళ్ళిన నెలకి అమ్మ దాన్ని ఇత్తడి కుందుల్తో పాటు చింతపండులో నానేసి తోమింది. పులుపుకి సున్నపురాయి కరుగుతుంది. ఒక పక్క చిప్పల మీద దువ్వెనతో గీసినట్టుండే గీతలన్నీ నున్నగా పోయాయి. అందుకే ఆ పక్క గోడ వైపుకి తిప్పి పెట్టాం. వెనిగర్, నిమ్మకాయ కూడా అంతే.

ఇంకో తప్పు కూడా చేశాను. ఏ రాయి ఎప్పుడు ఎక్కడ ఏరానో రాసుకోలేదు. గ్యారేజీలో రెండు బకెట్లు ఉన్నాయి, ఏది ఎక్కడిదో దేవుడికెరుక. కాగితం మీద చోటు, తేదీ రాసి రాయితో పాటే జిప్‌లాక్‌లో వెయ్యండి. ఇండియాకి తెచ్చేటప్పుడు చెకిన్ సూట్‌కేసులో పెట్టండి. స్కానర్‌లో రాళ్ళు అనుమానంగా కనిపిస్తాయేమో, నా పెట్టె తెరిచి చూసి, చూశామని కాగితం పెట్టారు. 23 కిలోల్లో రాళ్ళ బరువూ కలుస్తుందని మర్చిపోకండి.

"మన దగ్గరేం లేవా?" అని అల్లుడు అడిగాడు. బెజవాడ దుర్గమ్మ కొండ భూమి లోతున ఉడికి మారిపోయిన రాయి, అందులో వెతకడం దండగ. పిడుగురాళ్ళ సున్నపురాయి సముద్రానిదే, కానీ జీవులకి గట్టి చిప్పలు పుట్టకముందుది. రాజమండ్రి దారిలో గౌరీపట్నం, దుద్దుకూరు వైపు నల్లరాయి క్వారీలున్నాయి చూడండి, ఆ నల్లరాయి ఒకప్పటి లావా. దాని పొరల కిందా మధ్యా ఉన్న సున్నపురాతిలో మరమేకుల్లా మెలితిరిగిన సముద్రపు గుల్లలున్నాయి. రాక్షసబల్లులు అంతరించిన కాలం, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటివి. పేలుళ్ళు జరిగే చోటు, యజమానిని అడక్కుండా దిగొద్దు.

ఇంత చెప్పాక మేనకోడలు రాయి షోకేసులో పెట్టేస్తుంటే వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఒసే, నువ్వెళ్ళాక ఆ రోకలిబండ ఒకటి పంపవే. ఈసారి తోమన్లే."