డాక్టర్ సలహా: 23 రోజుల పాపకి రోజుకి ఎనిమిది మోషన్లు.. ప్రోబయోటిక్ చుక్కలు వేయాలా?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర పల్లె. పాపకి 23 రోజులు. నెలలు నిండాకే పుట్టింది, ఆపరేషన్ కాన్పు, పుట్టిన బరువు 2.8 కిలోలు. రెండో రోజు పాలు తాగడం లేదని, ఊపిరి వేగంగా తీస్తోందని ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనుమానంతో ఐదు రోజులు యాంటీబయోటిక్ ఇంజక్షన్లు చేశారు. రక్తంలో బాక్టీరియా ఉందేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ రాలేదని ఇంటికి పంపారు. ఇప్పుడు నా పాలే తాగుతోంది, మొన్న తూకం వేస్తే 3.1 కిలోలు. కానీ రోజుకి ఏడెనిమిది సార్లు పసుపు రంగులో పలచగా మోషన్ అవుతోంది. సాయంత్రం కాగానే కాళ్ళు ముడుచుకుని రెండు గంటలు ఏడుస్తుంది. యాంటీబయోటిక్స్ వల్ల పొట్టలో మంచి బాక్టీరియా పోయి ఉంటుందని మెడికల్ షాపులో ప్రోబయోటిక్ (మంచి బాక్టీరియా ఉండే) చుక్కలు ఇచ్చారు. మా అత్తమ్మ వస, ఆముదం పోద్దామంటోంది. మూడేళ్ళ బాబుకి పోయిన వారం మోషన్స్ అయ్యాయి. వాడి నుంచి పాపకి అంటిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట 3.1 కిలోలు. మీరు దాన్ని మధ్యలో ఎక్కడో పడేసి మోషన్ల లెక్క దగ్గర ఆగిపోయారు. పుట్టిన పిల్లలు మొదటి నాలుగైదు రోజుల్లో కాస్త తగ్గుతారు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చేసి, అక్కడి నుంచి రోజుకి 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. మీ పాప ఐదు రోజులు ఇంజక్షన్లు చేయించుకుని కూడా 300 గ్రాములు పైకే వెళ్ళింది. నీళ్ళ విరేచనాలు పట్టుకున్న పసిగుడ్డు ఇలా పెరగదు.

తల్లిపాలు తాగే పిల్లలు మొదటి నెలలో తాగినప్పుడల్లా మోషన్ పోవడం మామూలే. పాలు పొట్టలోకి దిగగానే పేగు కదులుతుంది, లోపలున్నది బయటికొస్తుంది. ఆవపిండి కలిపినట్టు పసుపు రంగు, మధ్యమధ్యలో చిన్న పలుకులు, కాస్త పుల్లటి వాసన. పదిసార్లు వెళ్ళినా నేను పట్టించుకోను. రోజుకి ఆరు సార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తోందా అన్నది మాత్రం అడుగుతాను. ఇదే పాప రెండో నెలలో పడ్డాక నాలుగైదు రోజులు అసలు వెళ్ళకపోవచ్చు. పాలు తాగుతూ, హుషారుగా ఉండి, వెళ్ళినప్పుడు మెత్తగా వస్తే అదీ మామూలే. మొహం ఎర్రగా చేసుకుని పది నిమిషాలు ముక్కి, చివరికి మెత్తగా వెళ్ళే పిల్లలుంటారు. ముక్కడం వాళ్ళకింకా సరిగ్గా చేతకాదు. దానికి తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం లాంటివి చేయకండి, లేత చర్మం చీరుకుంటుంది.

నా ఫోన్‌లో మా ఇంట్లోవాళ్ళ ఫొటోల కన్నా డైపర్ల ఫొటోలే ఎక్కువ. వాటిలో నేను ముఖ్యంగా చూసేవి రెండు. ఒకటి రక్తం. రెండోది సుద్దలా తెల్లబారిన రంగు. అలా వస్తే పైత్యరసం పేగులోకి దిగడం లేదేమోనని అనుమానించాలి. పుట్టిన రెండు నెలల్లోపే కనిపెట్టి ఆపరేషన్ చేయాల్సిన జబ్బు ఒకటుంది, పసిరికలు అని ఊరుకుంటే ఆ సమయం కాస్తా దాటిపోతుంది. ఆకుపచ్చ మోషన్ చూసి చాలామంది హడలిపోతారు గానీ బిడ్డ బాగుంటే అందులో ఏమీ ఉండదు. ఆకుపచ్చ వాంతి అలా కాదు. పసరు వాంతి అయితే పేగు మెలిపడిందేమో చూడాలి, తెల్లారే దాకా కూడా ఆగకూడదు.

ఇక యాంటీబయోటిక్స్ సంగతి. పొట్టలోని మంచి బాక్టీరియా కొంత పోయే ఉంటుంది, కాదనను. అయినా ఆ ఇంజక్షన్లు వేయడం తప్పని మాత్రం అనుకోకండి. రెండు రోజుల పిల్ల పాలు మానేసి ఎగశ్వాస తీస్తుంటే ఏ డాక్టరూ కల్చర్ రిపోర్టు వచ్చే దాకా చేతులు కట్టుకుని కూర్చోడు. పసిపిల్లల్లో రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్ గంటల్లో మీదికొస్తుంది. ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో జరిపి 2016లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఇలాంటి పిల్లల రక్తంలో ఎక్కువగా దొరికినవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై అనే బాక్టీరియాలు. ఆ క్లెబ్సియెల్లాలో సగానికి పైగా అనేక రకాల మందులకి లొంగనివి. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు మొదలుపెట్టడం, లేదని తేలాక ఆపేయడం రెండూ ముఖ్యమే. మీ ఆసుపత్రివాళ్ళు రెండూ చేశారు.

ఈ.కోలై పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మలం కల్చర్‌లో ఈ.కోలై ఉందని రాసిన రిపోర్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు నెలకి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. అసలు 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు దాన్ని కనిపెట్టిందే పసిపిల్లల మలంలో. అది అక్కడ ఉండక ఎక్కడుంటుంది? దానిలో కొన్ని రకాలే జబ్బు తెస్తాయి. హాయిగా పాలు తాగుతున్న బిడ్డకి మలం కల్చర్ చేయించడమే దండగ.

పోయిన మంచి బాక్టీరియా మళ్ళీ ఎలా వస్తుంది? మీ పాలతోనే వస్తుంది. తల్లిపాలలో బిడ్డకి అరగని చక్కెరలు రెండు వందలకి పైగా రకాలున్నాయి. లాక్టోజ్, కొవ్వు తర్వాత పాలలో ఎక్కువగా ఉండే ఘనపదార్థం అదే. బిడ్డకి అరగనిది పాలలో ఎందుకున్నట్టు? బిడ్డ పొట్టలో అద్దెకుండే బిఫిడోబాక్టీరియా అనే మంచి బాక్టీరియా కోసం. మీరు ఒకరికి పాలిస్తున్నాననుకుంటున్నారు, నిజానికి పంక్తి భోజనం పెడుతున్నారు. అవి ఆ చక్కెరలు తిని పేగుని పుల్లగా ఉంచుతాయి, ఆ పులుపులో క్లెబ్సియెల్లా లాంటివి అంత తేలిగ్గా పెరగలేవు. డైపర్‌లో మీకు వచ్చే పుల్లటి వాసన అక్కడిదే.

ఆపరేషన్ కాన్పు మీద బెంగ వద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. అన్ని ఆపరేషన్లు అవసరమా అంటే నా జవాబు వేరే ఉంది, అది మరోసారి. బ్రిటన్‌లో సుమారు 600 మంది పిల్లల్ని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌తో పుట్టిన పిల్లల పొట్టల్లో మొదట్లో ఆసుపత్రి బాక్టీరియా ఎక్కువగా కనిపించింది. తొమ్మిది నెలలు వచ్చేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది.

మరి షాపులో ఇచ్చిన చుక్కలు? ప్రోబయోటిక్ అంటే అంతా మోసం అని నేననను. మన పక్కనే ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసిపిల్లలతో జరిగిన ప్రయోగం 2017లో వచ్చింది. ఏడు రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాని, దానికి మేతగా ఒక రకం చక్కెరని కలిపి నోట్లో పోశారు. ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపులో నూటికి 9 మందికి సెప్సిస్ (రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్) రావడమో, చనిపోవడమో జరిగింది. ఇది తీసుకున్న గుంపులో 5.4 మందికి. చిన్న విషయం కాదు. అయితే అది ఒకే ఒక్క ప్రత్యేకమైన రకం, పుట్టిన మొదటి రోజుల్లో, తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యవంతమైన పిల్లలకి, లెక్క ప్రకారం ఇచ్చింది. షాపులో దొరికే ప్రతి సీసాకీ ఆ పేరు అంటించలేం. కుక్క కాటుకి రేబిస్ టీకా పనిచేసిందని పాము కాటుకి కూడా అదే వేయం కదా! మరోవైపు 2023లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ, నెలలు నిండని పిల్లలకి ప్రోబయోటిక్స్ ఇచ్చేటప్పుడు జాగ్రత్త అని ఆసుపత్రుల్ని హెచ్చరించింది. పొట్టలో ఉండాల్సిన ఆ బాక్టీరియాయే రక్తంలోకి పాకి ఒక బిడ్డ చనిపోయింది. మీ పాప నెలలు నిండిన పిల్ల, అంత ప్రమాదం ఉండకపోవచ్చు. కానీ లాభం లేనిదాన్ని, రోజూ మూత తీసి, డ్రాపర్ నోట్లో పెట్టి, ఆ తడి డ్రాపర్‌నే మళ్ళీ సీసాలో ముంచుతూ నెల రోజులు వాడటం ఎందుకు? ఆ సీసా పక్కన పెట్టేయండి.

అత్తమ్మగారి వస దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకూ అనుభవం ఉంది. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మ ఊరి నుంచి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది, నాకు ఉగ్గు పోసిన గిన్నె. చింతపండుతో తోమి తళతళలాడిస్తోంది. నేను ఫోన్ టార్చి వేసి ఆ గిన్నె ముక్కులోకి చూశాను. లోపల అంచున నల్లగా, ఎప్పటిదో ఎండిన పాల జిడ్డు. పుల్ల పెట్టి గీకితే పొలుసులా ఊడింది. అమ్మకి చూపిస్తే, "నువ్వు దీంతోనే పెరిగావు" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వసకొమ్ము, సానరాయి, అరగదీసే నీళ్ళు, తుడిచే గుడ్డ... ఒక్కొక్కటీ బాక్టీరియాకి ఒక్కో మెట్టు. దానికి తోడు వసలో ఉండే బీటా ఆసరోన్ అనే పదార్థం మంచిది కాదు. అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో వాడకుండా నిషేధించారు. ఆముదం ఇంకో గొడవ. ఏడుస్తున్న పిల్ల నోట్లో నూనె పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆ న్యుమోనియా తొందరగా తగ్గదు. తేనె అసలే వద్దు, ఏడాది నిండే దాకా నాలుకకి కూడా రాయకండి. అందులో ఉండే బీజాల వల్ల పసిపిల్లలకి బొట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. గ్రైప్ వాటర్, చక్కెర నీళ్ళు, కాచి చల్లార్చిన నీళ్ళు కూడా ఆరు నెలల దాకా వద్దు.

అత్తమ్మగారికి ఇవన్నీ చెప్పి గెలవాలని చూడకండి, ఇంకో పని అప్పజెప్పండి. సాయంత్రం ఏడుపు ఆవిడకి వదిలేయండి. ఈ ఏడుపు రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకి దానంతటదే పోతుంది. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చే దాకా వీపు నిమరడం, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని ఇల్లంతా తిప్పడం మీకన్నా ఆవిడకే బాగా వచ్చు. ఈలోపు మీరు స్నానం చేసి, వేడిగా నాలుగు ముద్దలు తినండి. పచ్చి బాలింత ఆకలితో ఉండి బిడ్డ ఏడుపు వింటుంటే లేని జబ్బులన్నీ కనిపిస్తాయి. ఒక రొమ్ము పూర్తిగా తాగాకే రెండోది పట్టండి, మొదట్లో వచ్చే పలచటి పాలే తాగి వదిలేస్తే గ్యాస్ ఎక్కువవుతుంది.

ఇప్పటిదాకా కంగారు వద్దన్నాను. కంగారు పడాల్సినవి కూడా ఉన్నాయి. రెండు నెలల లోపు బిడ్డకి చంకలో థర్మామీటర్ పెడితే 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా, ఒళ్ళు చల్లబడి 96 కన్నా తక్కువ ఉన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. పాలు తాగకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, మూలగడం, ఫిట్స్, కదిపితే తప్ప కదలకపోవడం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టడం, వీటిలో ఏ ఒక్కటున్నా అంతే. జ్వరం సిరప్ వేసి చూద్దాం అనుకోవద్దు. నేను పీజీ చేస్తున్న రోజుల్లో ఒక రాత్రి పన్నెండు రోజుల బాబుని తెచ్చారు. జ్వరం లేదు, ఏడుపు లేదు. "పొద్దుటి నుంచి బుద్ధిగా పడుకున్నాడు సార్" అంది వాళ్ళ నాయనమ్మ. పాదాలు పట్టుకుంటే మంచుముద్దలు. బాబు బతికాడు గానీ మూడు వారాలు వార్డులో ఉన్నాడు. ఏడ్చే బిడ్డ కన్నా ఏడవని బిడ్డని చూస్తే ఇప్పటికీ నాకు భయం.

పెద్దవాడి మోషన్స్ మాట. పాప బరువు పెరుగుతోంది, కాబట్టి అంటలేదనే అనుకోవచ్చు. బాబు కడుక్కున్నాక, పాపని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. మీరూ అంతే. వాడికి మళ్ళీ అయితే మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సిరప్ జోలికి పోకండి. పిల్లల మోషన్లు చాలావరకు వైరస్‌లవి, యాంటీబయోటిక్ వాటిని ఏమీ చేయదు, వాడి పొట్టలోని మంచి బాక్టీరియాని మాత్రం ఊడ్చేస్తుంది. రక్తం పడితే డాక్టర్ చూసి రాస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలిపి మోషన్ అయినప్పుడల్లా అర గ్లాసు నుంచి గ్లాసు, జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు. మోషన్ ఆగినా జింక్ ఆపొద్దు. పేరులో ఓఆర్ఎస్ అని రాసి అమ్మిన తీపి డ్రింకులు చాలా కాలం మన పిల్లల పాలిట శాపమయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకునే కొనండి.

నెలన్నర టీకాకి వెళ్ళినప్పుడు, పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ రాకుండా టీకా చుక్కలు కూడా వేస్తారు, తర్వాత రెండున్నర, మూడున్నర నెలలకి మళ్ళీ. ప్రభుత్వ టీకాల్లో ఇది ఆంధ్రప్రదేశ్‌లో 2016లోనే వచ్చింది, తెలంగాణలో 2019లో. ఈ టీకాల్లో ఒకటైన రోటావాక్ తయారైంది హైదరాబాద్‌లోనే. చుక్కలు వేశాక వెంటనే పాలు పట్టొచ్చు. ఆ రోజే తూకం వేయించి కార్డులో రాయించండి, 3.5 కిలోలు దాటి ఉండాలి. దాటకపోతే అదే రోజు, ఎన్ఐసీయూ డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని పిల్లల డాక్టర్‌కి చూపించండి.