అడవి దారి: లామింగ్టన్ కొండల్లో రాత్రి బస గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం, బ్రిస్బేన్‌లో ఉద్యోగాలు. లామింగ్టన్ నేషనల్ పార్క్‌లో బిన్నా బర్రా నుంచి గ్రీన్ మౌంటెన్స్ దాకా 21.4 కిలోమీటర్ల బోర్డర్ ట్రాక్‌ని ఒక్క పగటిలో నడిచాం, పెద్దగా అలసిపోలేదు. జూన్ చివర్లో ఓ శని, ఆదివారాల్లో గ్రీన్ మౌంటెన్స్ నుంచి బయలుదేరి, 1937లో స్టిన్సన్ విమానం కూలిన చోటు చూసుకుని, క్రిస్మస్ క్రీక్ వైపు దిగాలని ప్లాన్. రెండు రోజులకు పంచితే రోజుకు పడే దూరం బోర్డర్ ట్రాక్ కంటే తక్కువే. శనివారం పదింటికి మొదలుపెడితే చీకటిపడేలోపు క్యాంప్‌కి చేరతామా?
– ఒక పాఠకుడు, బ్రిస్బేన్

జవాబు: చేరరు తమ్ముడూ. పదింటికి బయలుదేరితే అసలే చేరరు.

బోర్డర్ ట్రాక్ మీద నడిచిన లెక్క ఇక్కడ పనికిరాదు. అది ఎక్కుతున్నామన్న సంగతి కూడా కాళ్లకు తెలియనంత ఒద్దికగా కొండ చుట్టూ తిప్పి తవ్విన బాట. దాన్ని వదిలి ఒక్కసారి అడవిలో అడుగుపెట్టాక కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేయండి, గంటలు లెక్కపెట్టండి. మంచి చోట్ల గంటకు కిలోమీటరు. తీగలు ముసురుకున్న చోట అందులో సగం వస్తే గొప్ప. జూన్‌లో బ్రిస్బేన్‌లో సూర్యుడు ఐదింటికే దిగిపోతాడు. చెట్ల కింద నాలుగింటికే కాలు ఎక్కడ పెడుతున్నామో కనిపించదు. పదింటి నుంచి నాలుగింటి దాకా ఆరు గంటలు. అందులో తిండికి, మ్యాప్ చూసుకోడానికి, ఒకరి కోసం ఒకరు ఆగడానికి పోయేది తీసేయండి. ఎంత దూరం మిగులుతుందో మీరే చెప్పండి.

అంత టైమ్ ఎక్కడికి పోతుందంటారా? ఎక్కువ భాగం లాయర్ వైన్‌కి పోతుంది. ఇక్కడివాళ్లు దాన్ని 'వెయిట్-ఎ-వైల్' అని కూడా అంటారు. మన ఇళ్లలో కుర్చీలు అల్లే పేము జాతిదే. దాని కాండం కంటపడుతుంది కాబట్టి తప్పుకుంటాం. చిక్కంతా దాని కొసలతోనే. సన్నటి తీగ, రెండు మూడు మీటర్ల పొడవు, ఆకుల మధ్య వేలాడుతూ ఉంటుంది. దాని నిండా వెనక్కి వంగిన చిన్న చిన్న కొక్కేలు. చొక్కా చేతికి తగులుకున్న సంగతి అర అడుగు ముందుకు వేశాక గానీ తెలియదు. అప్పుడు విదిలించుకుని పోబోతే కొక్కేలు బట్ట దాటి చర్మంలోకి దిగుతాయి. అందుకే ఆగాలి. అర అడుగు వెనక్కి వేయాలి. తీగ వదులయ్యాక, కొక్కేలు వంగిన వైపు నుంచి ఒక్కొక్కటే పైకి ఎత్తి తీయాలి. తీసిన తీగను అలా వదిలేస్తే అది ఊగి వెనకవాళ్ల ముఖానికి తగులుతుంది. కాబట్టి మనిషికి మనిషికి మధ్య నాలుగడుగుల ఎడం ఉండాలి. ముందు నడిచేవాళ్లు కళ్లకు తెల్ల అద్దాలు, చేతులకు తోటపని చేసే మందపాటి గ్లవ్స్ వేసుకోవాలి. మీలో ఒకరికి తీగ పట్టుకున్నప్పుడల్లా నలుగురూ ఆగుతారు. గంటలు కరిగిపోయేది అక్కడే.

అడవంతా ఇలాగే ఉంటుందని భయపడకండి. ఎత్తున, వెయ్యి మీటర్లు దాటాక, అంటార్కిటిక్ బీచ్ (beech) అనే జాతి చెట్లు ఉన్న చోట కింద నీడ చిక్కగా ఉంటుంది. నాచు పట్టిన వేళ్ల మధ్య హాయిగా నడవొచ్చు. నాకు ఈ కొండల్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. పెద్ద చెట్టు కూలి ఆకాశం కనిపించిన చోట గానీ, కొండచరియ జారిన చోట గానీ పరిస్థితి మారిపోతుంది. ఎండ పడగానే పేము తీగ, ముళ్ల రాస్ప్‌బెర్రీ, లాంటానా, కుట్టే చెట్టు అన్నీ పోటీపడి లేస్తాయి. అందుకే పాత రూట్ నోట్స్‌లో 'ఇక్కడి నుంచి రెండు గంటలు' అని రాసి ఉంటే, అది రాసిన ఏడాది మాట అనుకోండి. 2019 కార్చిచ్చు తర్వాత, 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుఫాను వానల తర్వాత ఆ నోట్స్‌ని గుడ్డిగా నమ్మడానికి లేదు. బయలుదేరే ముందు క్వీన్స్‌లాండ్ పార్క్స్ వాళ్ల అలర్ట్స్ పేజీ తప్పకుండా చూడండి. ఏ బాటలు మూశారో అందులో ఉంటుంది. క్యాంప్ పర్మిట్ ముందే తీసుకోవాలి. మంట వేయకూడదు, గ్యాస్ స్టవ్ ఒక్కటే.

ఇక దారి పట్టడం. కొండ వెన్ను మీద ఎక్కేటప్పుడు దారి తప్పడం కష్టం. పక్క వెన్నులన్నీ పైకి వచ్చి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. దిగేటప్పుడు అదే వెన్ను రెండుగా, మూడుగా చీలుతుంది. తప్పు చీలిక పట్టుకుంటే గంట తర్వాత కొండ అంచున తేలతారు. ఫోన్ జీపీఎస్ ఉందిగా అంటారు. తడిసిన చెట్ల గొడుగు కింద అది పదుల మీటర్లు అటూ ఇటూ గెంతుతుంది. చీలిక మొదట్లో రెండు వెన్నుల మధ్య అంత ఎడం కూడా ఉండదు. ప్రతి చీలిక దగ్గరా ఆగి, కంపాస్ పెట్టి, దిక్కు సరిచూసుకున్నాకే దిగండి.

మీరు చూడబోతున్న చోటు కథ తెలుసుకునే వెళ్లండి. 1937 ఫిబ్రవరి 19న బ్రిస్బేన్ నుంచి సిడ్నీ వెళ్తున్న స్టిన్సన్ విమానం ఈ మెక్‌ఫర్సన్ కొండల్లో కూలింది. అందులో ఏడుగురున్నారు. బతికి బయటపడిన ముగ్గురిలో వెస్ట్రే అనే యువకుడు సాయం తెస్తానని కిందికి దిగాడు. జలపాతం దగ్గర జారిపడి, ఆ దెబ్బలతో వాగు పక్కనే చనిపోయాడు. అతని సమాధి క్రిస్మస్ క్రీక్ ఒడ్డునే ఉంది. విమానం దగ్గర మిగిలిన ప్రౌడ్, బిన్‌స్టెడ్ అనే ఇద్దరినీ, విమానం కూలిన పది రోజుల దరిదాపుల్లో ఈ కొండల్లోనే ఉండే బెర్నార్డ్ ఓరైలీ అనే ఆయన ఒంటరిగా అడవి చీల్చుకుంటూ వెళ్లి కనిపెట్టాడు. వాగు పట్టుకుని నడిస్తే ఊరు తగులుతుందని మనలో చాలామందికి గట్టి నమ్మకం. మైదానంలో అది నిజం కావచ్చు. ఈ కొండల్లో వాగు జలపాతం మీదికి తీసుకెళ్తుంది. దారి తప్పితే వాగులోకి దిగకండి. ఉన్నచోటే ఆగండి, లేదా వెన్ను మీదికి తిరిగి ఎక్కండి.

నా సలహా ఇది. మొదటిసారి మీ అంతట మీరు వెళ్లొద్దు. బ్రిస్బేన్‌లో బుష్‌వాకింగ్ క్లబ్బులు ఉన్నాయి. ఆ దారి ఇటీవల నడిచినవాళ్లతో ఒకసారి వెళ్లండి. తర్వాత మీరే వెళ్లేటప్పుడు శుక్రవారం రాత్రి గ్రీన్ మౌంటెన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకుని, శనివారం ఆరున్నరకి, తెల్లవారుతుండగానే నడక మొదలుపెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకి సగం దారిలో లేకపోతే వెనక్కి తిరగాలని ఇంట్లో ఉండగానే నలుగురూ ఒప్పుకోండి. అడవిలో, అలసటలో ఆ మాట తేల్చుకోబోతే ఒకరు ముందుకంటారు, ఒకరు వెనక్కంటారు. వెన్ను మీద నీళ్లు దొరకవు, మనిషికి నాలుగు లీటర్లు మోయాలి. బ్యాగ్ బయట ఏదీ వేలాడదీయకండి. బయట కట్టిన చాప సాయంత్రానికి పీలికలవుతుంది. బియ్యం ఉడికించడానికి గ్యాస్, నీళ్లు రెండూ దండగ. అటుకులు, కందిపొడి, చిన్న డబ్బాలో ఆవకాయ పెట్టుకోండి. మొదటి మధ్యాహ్నానికి పులిహోర చాలు.

ప్రశ్న: మా అబ్బాయి బ్రిస్బేన్‌లో ఉంటాడు. శని, ఆదివారాలు వచ్చాయంటే స్నేహితులతో అడవులు పట్టుకుని తిరుగుతున్నాడు. రాత్రిళ్లు అక్కడే పడుకుంటారట. ఆ రెండు రోజులూ ఫోన్ కలవదు, నాకు నిద్ర పట్టదు. మానేయమంటే వినడు. ఏం చేయను?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అక్కయ్యా, మానేయమని చెప్పకండి. చెప్పకుండా వెళ్తాడు, అది ఇంకా ప్రమాదం. ముందు ఒక భయం తీసేస్తాను. ఆ అడవుల్లో పులులు, ఎలుగుబంట్లు, ఏనుగులు లేవు. పసిపిల్ల ఏడ్చినట్టు వినిపిస్తే అది క్యాట్‌బర్డ్ అనే పచ్చటి పక్షి కూత. పాములున్నాయి, విషం ఉన్నవి కూడా. అయితే అలికిడికి తప్పుకుంటాయి. ప్రతి ఒక్కరి దగ్గరా వెడల్పాటి ఎలాస్టిక్ కట్టు ఉండాలి. కాటు పడితే కడగకుండా, కోయకుండా, ఆ కాలో చెయ్యో మొత్తానికి గట్టిగా కట్టు చుట్టి, కదలకుండా పడుకోబెట్టి సాయం పిలవాలి. ఆస్ట్రేలియా పాములకు అక్కడ నేర్పే ప్రథమ చికిత్స ఇదే.

వాడిని ఒక వస్తువు అడగండి: పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్) ఉందా అని. అరచేతిలో పట్టే చిన్న పరికరం. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు ఆస్ట్రేలియా రెస్క్యూ కేంద్రానికి వెళ్తుంది. కొన్నాక దాన్ని వాడి పేరు మీద రిజిస్టర్ చేయించాలి. దానికి డబ్బులేం కట్టక్కర్లేదు. ప్రాణం మీదికి వస్తేనే నొక్కాలి.

ఇంకో మాట. వాడు ఇంటికి రాకపోతే మీరు తణుకు నుంచి అక్కడి అత్యవసర నంబర్ 000 నొక్కినా అది ఆస్ట్రేలియాలో మోగదు. అందుకే బ్రిస్బేన్‌లోనే ఉండే ఒక నమ్మకమైన మనిషికి వాడు ఏ దారిన వెళ్తున్నాడో, ఎవరెవరు ఉన్నారో, కారు ఎక్కడ పెట్టాడో రాసి ఇవ్వాలి. ఆదివారం రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పాల్సింది ఆ మనిషి. బ్రిస్బేన్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, అంటే అప్పుడు మీకు సాయంత్రం నాలుగున్నర. ఆ మనిషి నంబర్ మీ దగ్గరా ఉంచుకోండి. అప్పటిదాకా ఫోన్ కలవలేదంటే అడవిలో సిగ్నల్ లేదనే అనుకోండి.

ప్రశ్న: కుట్టే చెట్టు తగిలితే నెలల తరబడి నొప్పి ఉంటుందంటున్నారు, నిజమేనా? జలగలంటే నాకు మహా అసహ్యం, వాటికి ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గోల్డ్ కోస్ట్

జవాబు: నిజమే. వెడల్పాటి, హృదయం ఆకారపు ఆకు, అంచున పళ్లు, చాలాసార్లు పురుగులు తిన్న చిల్లులు. ఆకు మీద నూగంతా గాజు సూదుల్లాంటి వెంట్రుకలే, అవి చర్మంలో విరిగిపోతాయి. వాటిలోని విషానికి సాలీడు, శంఖపు నత్తల విషంతో పోలిక ఉందని 2020లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు తేల్చారు. తగిలితే రుద్దకండి. వ్యాక్సింగ్ స్ట్రిప్ అంటించి లాగితే కొన్ని వెంట్రుకలైనా వస్తాయి. రెండు స్ట్రిప్పులు బ్యాగ్‌లో పెట్టుకోండి. నొప్పి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

జలగలకు అసహ్యపడండి గానీ టెన్షన్ పడకండి. కాస్త ఉప్పు వేస్తే వదిలేస్తాయి. కరిచిన చోట రక్తం కాసేపు కారుతుంది, అంతే. నేను భయపడేది పిడుదుకి. తూర్పు తీరంలో ఉండే పెరాలిసిస్ టిక్ అనే పిడుదు కరిస్తే కొందరికి మాంసం పడకుండా పోతుంది. మేక, గొర్రె, గొడ్డు, పంది, ఏ మాంసమైనా సరే. చేప, కోడి పడతాయి. మటన్ లేనిదే ఆదివారం గడవని మన ఇళ్లలో ఇది తెలిసి ఉండాలి. పిడుదు కనిపిస్తే గిల్లి లాగకండి, నలిగితే దాని ఉమ్మి ఇంకా లోపలికి పోతుంది. దాన్ని గడ్డకట్టించి చంపే స్ప్రే ఫార్మసీలో దొరుకుతుంది. అది కొట్టి, చచ్చాక దానంతట అది రాలేదాకా వదిలేయండి. అడవి నుంచి రాగానే జుట్టులో, చెవుల వెనక, చంకల్లో వెతకండి. ఆ తర్వాత వారాల్లో ఎప్పుడైనా మటన్ తిన్న కొన్ని గంటలకు, అర్ధరాత్రి పూట ఒళ్లంతా దద్దుర్లు లేస్తే అన్నం పడలేదని సరిపెట్టుకోవద్దు. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే 000కి ఫోన్ చేయండి. దద్దుర్లతోనే తగ్గిపోయినా తెల్లారాక డాక్టర్‌ని కలిసి, పిడుదు ఏ రోజు కరిచిందో చెప్పి, అలర్జీ పరీక్ష అడగండి.