రేడియేషన్ సేఫ్టీ టీమ్‌కి ఎవరిని ఎంచుకోవాలి?

ప్రశ్న: మా యూనిట్‌లో రేడియేషన్ సేఫ్టీ టీమ్‌కి పన్నెండు మంది పేర్లు ఇమ్మన్నారు. ఫిజిక్స్ చదివినవాళ్లు ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్లను దేన్నిబట్టి ఎంచాలి?
– ఒక సుబేదార్, ఆవడి, చెన్నై

జవాబు: సుబేదార్ గారూ, ఆ ఇద్దరూ చాలు. మిగతావాళ్లలో చూడాల్సింది డిగ్రీ కాదు. రేడియేషన్ కొలిచే మీటర్‌లో కనిపించిన అంకెను కొలత యూనిట్‌తో సహా తప్పులేకుండా చెప్పాలి, రమ్మనగానే వెనక్కి రావాలి. ఉత్సాహంకొద్దీ ఇంకో నాలుగడుగులు ముందుకేసే మనిషిని లోపలికి పంపొద్దు.

ముందు పనులు రాసుకోండి, పేర్లు తర్వాత. రేడియేషన్ ఉన్న చోటి లోపలికి ఇద్దరు, ఒకరు మీటర్ చూస్తే ఇంకొకరు టైము చూస్తారు. రక్షణ సూటు వేసుకుని, ఆ చోటికి హద్దుగా పెట్టిన గీత దగ్గర సిద్ధంగా మరో ఇద్దరు. బయటికొచ్చినవాళ్లను పరీక్షించి శుభ్రం చేయడానికి ఇద్దరు. ఎవరు ఎప్పుడు వెళ్లారో, ఎంత డోసు (ఒంటికి తగిలిన రేడియేషన్) పడిందో రాయడానికి ఒకరు. లీడర్ ఒకరు, ఆయన గీత దాటకూడదు. ఎనిమిదయ్యారు. మిగిలిన నలుగురినీ అదనం అనుకోకండి. మే నెల చెన్నై ఎండలో ఆ సూటుతో అరగంట పనిచేసిన జంటను వెంటనే మళ్లీ పంపలేం. పైగా సెలవులు, బదిలీలు ఎలాగూ ఉంటాయి.

మాస్క్ పెట్టి ఇరవై నిమిషాలు నడిపించండి. ఊపిరాడక లాగేసేవాళ్లు అక్కడే తెలిసిపోతారు. గడ్డం ఉన్నా, కళ్లజోడు కాడలు అడ్డొచ్చినా మాస్క్ అంచు ముఖానికి అతుక్కోదు, గాలి లోపలికి జొరబడుతుంది. తర్వాత నోటిలెక్కలు అడగండి. రేడియేషన్ వెలువరించే చిన్న సోర్సుకి 2 మీటర్ల దూరంలో గంటకు 400 మైక్రోసీవర్ట్‌లు (సీవర్ట్ అంటే డోసు కొలత) ఉంటే 4 మీటర్ల దగ్గర ఎంత? 100, దూరం రెట్టింపైతే రేడియేషన్ నాలుగో వంతే కదా. గంటకు 2 మిల్లీసీవర్ట్‌లున్న చోట పది నిమిషాలుంటే? సుమారు 0.33 మిల్లీసీవర్ట్. మైక్రోని మిల్లీ అని చెప్పేస్తే వెయ్యి రెట్ల తప్పు. ఇంకోటి నేర్పాలి: రేడియేషన్ మరీ ఎక్కువైతే కొన్ని జీఎం (గైగర్-ముల్లర్) మీటర్లు తక్కువ చూపిస్తాయి, ఒక్కోసారి సున్నా కూడా. మీటర్ టిక్‌టిక్ చప్పుడు పెరిగి పెరిగి హఠాత్తుగా ఆగితే అది వెనక్కి తిరగాల్సిన సూచన.

పాత డోసు రికార్డు తెప్పించకుండా పేరు ఖాయం చేయొద్దు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. 18 ఏళ్లు నిండనివాళ్లు వద్దు. గర్భిణి అని తెలిపిన సభ్యురాలిని టీమ్ నుంచి తీసేయక్కర్లేదు. గీత బయట డోసు రికార్డు అప్పగించండి, కడుపులో బిడ్డకు పరిమితి 1 మిల్లీసీవర్టే. ప్రాణాలు కాపాడే పనికి అంతర్జాతీయ మార్గదర్శకాలు 500 మిల్లీసీవర్ట్‌ల దాకా ఒప్పుకుంటాయి, కానీ ప్రమాదం తెలిసి స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకే. ఆ మాట ఇప్పుడే విడివిడిగా అడిగి, సంతకం తీసుకోండి. ప్రమాదం జరిగిన చోట, పదిమంది ముందు అడిగితే ఎవరూ కాదనలేరు.