తొట్టి నీళ్లన్నీ తోడేయడం ముందు ఆపండి

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న సిమెంట్ తొట్టి, అందులో పన్నెండు కోయి అనే రంగు చేపలు, ప్రతి ఆదివారం నీళ్లన్నీ తోడేసి గోడలు రుద్ది మళ్లీ నింపుతున్నాం, అయినా ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి అన్నారు కదా. అలా కడుగుతున్నందుకే పోతున్నాయండీ.

చేపలు వదిలే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది ఫిల్టర్ స్పాంజిలో, మీరు రుద్దేస్తున్న ఆ గోడల జిగురులో. అది కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మీరేమో వారం తిరగ్గానే కడిగేస్తున్నారు. కుళాయి నీళ్లైతే మిగిలినదాన్ని క్లోరిన్ చంపుతుంది, చేపల మొప్పలూ దెబ్బతింటాయి. తొట్టి కొత్తదైతే సిమెంట్‌లోని సున్నం ఊరి పీహెచ్ (నీళ్ల క్షార గుణం చెప్పే కొలత) పెరుగుతుంది, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అంతే అమ్మోనియా ఇంకా ప్రమాదం.

విజయవాడలో మా పెరటి తొట్టికి వారానికి పదో వంతు, మహా అయితే ఐదో వంతు నీళ్లు మారుస్తాను, అదీ ముందురోజే డ్రమ్ములో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఉంచినవి. స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండుతాను. అమ్మోనియా, నైట్రైట్ చూసే కిట్ ఒకటి కొనుక్కోండి, తేటగా ఉన్న నీళ్లన్నీ మంచివి కావు. ఈలోపు మేత బాగా తగ్గించి, అయోడిన్ కలపని కల్లుప్పు వెయ్యి లీటర్లకు 3 కిలోల లెక్కన రెండు మూడు రోజుల్లో విడతలుగా కరిగించి పోయండి, నైట్రైట్ దెబ్బ తగ్గుతుంది. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు కాబట్టి, తర్వాత మార్చిన నీళ్ల మేరకే వేయాలి.

ఇంకో మాట, నచ్చకపోవచ్చు. మీ తొట్టిలో పట్టేది సుమారు 1,350 లీటర్లు. కోయి మన బంగారుతీగకు దగ్గరి చుట్టం, షాపులో వేలెడంత కనిపించినది రెండడుగుల దాకా పెరుగుతుంది, పెరిగిన చేపకు వెయ్యి లీటర్లు లెక్కేస్తారు. చిన్నవి రెండు మూడు ఉంచుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి, అవి పెరిగేలోపు నాలుగడుగుల లోతున పెద్దది కట్టించండి. లోతుంటే కొంగ కూడా దిగదు. లకుముకి పిట్టకు మాత్రం వల కట్టాల్సిందే.

ఎండాకాలం షేడ్ నెట్ తప్పనిసరి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, రాత్రంతా నాచు కూడా దాన్నే వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి. భీమవరం వైపు చెరువుల రైతులు రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది ఇందుకే. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో పెట్టకుండా తొట్టిలో వదలొద్దు. గోడకు ఒళ్లు రాసుకుంటుంటే టార్చి పక్కనుంచి వేసి చూడండి. చేప పేను పెసరగింజంత, చదునుగా, దాదాపు రంగు లేకుండా పొలుసులకు అతుక్కుని ఉంటుంది, కదిలితే గానీ కంటపడదు.

మీవి కుళాయి నీళ్లో బోరు నీళ్లో చెప్పలేదు. బోరైతే క్లోరిన్ బెడద ఉండదు కానీ అప్పుడే తోడిన నీళ్లలో ప్రాణవాయువు బాగా తక్కువ, పైపు ఎత్తుగా పట్టుకుని ధారగా పడేలా నింపండి.